గోడలో పగులు కనిపిస్తుంది, హక్కులో పగులు కనిపించదు

ఇల్లు కొనేముందు అందరూ గోడలు చూస్తారు. ఒక్క గదికే కొత్త రంగు వేసి ఉంటే చెమ్మను దాచారేమోనని అనుమానిస్తారు. తలుపులు బిగుసుకుంటే పునాది కుంగిందేమోనని అడుగుతారు. వానాకాలంలో మరోసారి వెళ్లి చూడమని పెద్దలు చెబుతారు. ఇవన్నీ అవసరమే. కానీ వీటిలో చాలావాటికి మరమ్మతు ఉంది. జంషెడ్‌పూర్ శివారులోని పర్సుడీహ్ వంటి చోట మరమ్మతుకు లొంగని లోపం ఇంటి కింద ఉండొచ్చు. అది భూమి హక్కు.

ఉక్కు కర్మాగారంలో, రైల్వేల్లో కొలువుల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో తరతరాలుగా ఉన్నాయి. ఉద్యోగం ఉన్నంతకాలమే క్వార్టర్. రిటైరైతే పీఎఫ్, గ్రాట్యుటీ సొమ్ముతో సొంత గూడు వెతుక్కోవాలి. కంపెనీ లీజు పరిధికి బయట, టాటానగర్ స్టేషన్‌కు చేరువలో ఉన్న పర్సుడీహ్ అలాంటివారికి సహజంగానే అనువుగా కనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

తూర్పు సింగ్‌భూమ్ జిల్లా మొత్తం ఐదో షెడ్యూలు ప్రాంతం. ఇక్కడ అమల్లో ఉన్నది 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం. దాని 46వ సెక్షన్ ప్రకారం ఆదివాసీ రైతు భూమిని డిప్యూటీ కమిషనర్ ముందస్తు అనుమతితో, అదే పోలీస్ స్టేషన్ పరిధిలో నివసించే మరో ఆదివాసీకే అమ్మాలి. ఎస్సీ, వెనుకబడిన తరగతుల రైతుల భూమికీ ఇలాంటి ఆంక్షే ఉంది. అది ఆ వర్గాలవారికే, జిల్లా పరిధిలోనే చేతులు మారాలి. అక్రమంగా చేతులు మారిన ఆదివాసీ భూమిని తిరిగి ఇప్పించే అధికారం 71ఏ సెక్షన్ కింద డిప్యూటీ కమిషనర్‌కు ఉంది. మన ఏజెన్సీలోని 1/70 చట్టం తెలిసినవారికి ఇది కొత్త కాదు.

ఈ అధికారాన్ని సహేతుకమైన కాలంలోనే వాడాలని సితు సాహు కేసులో 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. కొన్నవారికి అది కొంత ఊరటే. అయితే ఆ ఊరట కోర్టులో ఏళ్ల తరబడి వాదించి సాధించుకోవాల్సిందే.

రిజిస్ట్రేషన్ అయింది కదా, ఇక భయమేమిటి అనుకోవడం పెద్ద పొరపాటు. మన దేశంలో రిజిస్టరయ్యేది దస్తావేజు, హక్కు కాదు. అమ్మేవాడికి హక్కు ఉందో లేదో తేల్చడం సబ్ రిజిస్ట్రార్ పని కాదని 2025 ఏప్రిల్‌లో తమిళనాడు నిబంధనను కొట్టివేస్తూ సుప్రీంకోర్టు మరోసారి స్పష్టం చేసింది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతో జరిగే ‘అమ్మకాల’ వల్ల యాజమాన్యం రాదని 2011లోనే సూరజ్ ల్యాంప్ తీర్పు తేల్చింది. కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు అక్కడ ఎవరుంటున్నారో చెబుతాయి తప్ప యజమాని ఎవరో చెప్పవు.

చట్టం కొనేవారిని పూర్తిగా గాలికి వదిలేయలేదు. తనకు తెలిసిన లోపాన్ని, మామూలు జాగ్రత్తతో కొనేవారు కనిపెట్టలేనిదైతే, అమ్మేవాడు చెప్పితీరాలని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటోంది. రెరా పరిధిలోని ప్రాజెక్టుల్లో నిర్మాణ లోపాలకు బిల్డరు అయిదేళ్లు బాధ్యుడు. హక్కులో లోపంతో నష్టం జరిగితే పరిహారానికి కాలపరిమితే లేదు. కానీ వ్యక్తి నుంచి వ్యక్తి కొనే పాత ఇంటికి రెరా రక్షణ అందదు.

కాబట్టి పరీక్ష మొదలవ్వాల్సింది గోడ దగ్గర కాదు, ఖతియాన్ దగ్గర. మన అడంగల్ లాంటి ఆ రికార్డులో భూమి మొదట ఏ రైతు పేరున, ఏ వర్గం కింద నమోదైందో చూడాలి. అక్కడినుంచి నేటి అమ్మకందారు దాకా ప్రతి బదిలీకీ పత్రం, అవసరమైన చోట అనుమతి ఉండాలి. మధ్యలో ఒక్క మెట్టు లేకపోయినా బయానా ఇవ్వకూడదు. దళారి తొందరపెడితే అదీ ఒక హెచ్చరికే.

ఈ చట్టాన్ని అడ్డంకిగా చూడటం సులువు. కానీ అది పుట్టింది భూమి పోగొట్టుకున్న ఆదివాసీల తిరుగుబాట్ల నుంచి. చౌకగా వచ్చిందని అలాంటి స్థలం కొంటే ఒకరి భూమి పోతుంది, మరొకరి జీవితకాలపు పొదుపు పోతుంది. లాభపడేది మధ్యలో ఉన్న దళారి ఒక్కడే.