గాయానికి ముందు నీరు, తరువాతే ఆకు

హిజ్రీ 3వ సంవత్సరంలో జరిగిన ఉహుద్ యుద్ధంలో దైవప్రవక్త (స) ముఖానికి గాయమైంది. పన్ను విరిగింది. శిరస్త్రాణం తలపైనే పగిలిపోయింది. ఆ తరువాత జరిగినదాన్ని సహ్ల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖించగా ఇమామ్ బుఖారీ నమోదు చేశారు. హజ్రత్ అలీ (రజి) డాలుతో నీరు తెచ్చి పోస్తూ ఉంటే హజ్రత్ ఫాతిమా (రజి) రక్తాన్ని కడిగారు. కడిగేకొద్దీ రక్తం అధికమవడం చూసి ఆమె ఒక చాప ముక్కను కాల్చి, ఆ బూడిదను గాయానికి అద్దారు. రక్తం ఆగిపోయింది.

ఈ హదీసు పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: చాపే ఎందుకు? ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ తన 'జాదుల్ మఆద్'లో దీనిని వివరించారు. బర్దీ అనే నీటిమొక్కతో అల్లిన చాప బూడిదకు రక్తాన్ని నిలిపే గుణం బలంగా ఉంటుందనీ, అది అంతగా మంట పెట్టకుండానే గాయాన్ని ఆరబెడుతుందనీ ఆయన అన్నారు. బర్దీ తుంగజాతి మొక్క. మన ఇళ్ళలో పరచుకొనే తుంగచాపకు అది దగ్గరి చుట్టమే.

అయితే ఈ హదీసు విన్నవారికి బూడిద గుర్తుంటుంది, నీరు గుర్తుండదు. ఆమె మొదట కడిగారు. నీటితో రక్తం ఆగదని కళ్ళారా చూచిన తరువాతనే బూడిదను చేతిలోకి తీసుకొన్నారు. అదీ అప్పటికప్పుడు నిప్పులో కాలిన బూడిద. ప్లాస్టిక్ సంచులూ పిడకలూ కాలిన మన పొయ్యి బూడిదను దానితో పోల్చరాదు. పసికందు బొడ్డుకు బూడిద పూయడం నేటికీ కొన్ని ఇళ్ళలో ఉంది. ధనుర్వాతాన్ని కలిగించే క్రిమి మట్టిలోనూ, పశువుల పేడలోనూ ఉంటుంది. ఆ పూతకు హదీసును ఆధారంగా చూపడం ఎంతమాత్రమూ తగదు.

మొక్కలతో గాయం మాన్పడాన్ని మేము చిన్నచూపు చూడటం లేదు. దైవప్రవక్త (స)కు దెబ్బ తగిలినా, ముల్లు గుచ్చుకొన్నా గోరింటాకు పెట్టేవారమని ఆయనకు సేవలు చేసిన సల్మా (రజి) చెప్పిన ఉల్లేఖనం తిర్మిజీలో ఉంది. పసుపు సంగతి మరీ ఆసక్తికరమైనది. గాయాలను మాన్పేందుకు పసుపును వాడే పద్ధతిపై 1995లో అమెరికాలో పేటెంటు మంజూరైంది. మన దేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి దానిని సవాలు చేసి, ఇది తరతరాలుగా ఉన్నదేనని పాత గ్రంథాలను సాక్ష్యంగా చూపింది. వాటిలో సంస్కృత, హిందీ గ్రంథాలతోపాటు ఉర్దూ గ్రంథాలూ ఉన్నాయి. 1997లో పేటెంటు రద్దయింది. మన నానీమాల వంటింటి జ్ఞానానికి ఉర్దూ పుస్తకం సాక్ష్యం పలికిందన్నమాట!

కానీ ఆ తీర్పు పసుపు పాతదని మాత్రమే తేల్చింది. ఏ గాయానికి ఎంత వాడాలో చెప్పలేదు. ఐరోపాలో బర్చ్ అనే చెట్టు బెరడు నుండి తీసిన సారంతో ఒక లేపనం తయారైంది. తాకితేనే చర్మం ఊడివచ్చే పుట్టువ్యాధి గల పిల్లల పుండ్లకు దానిని వాడేందుకు 2022లో అక్కడా, 2023లో అమెరికాలోనూ అనుమతి లభించింది. రోగులపై పరీక్షించి, క్రిములు లేకుండా శుద్ధిచేసి, మోతాదు నిర్ణయించిన తరువాతనే అది గాయాన్ని చేరుతోంది. దారి ప్రక్కన కోసి అరచేతిలో నలిపిన గాయపాకుకు ఆ శుద్ధి ఎక్కడిది? ఆకు రసంలో గుణం ఉండవచ్చు, ఆకు మీది మట్టిలో మాత్రం లేదు. విడిగా అమ్మే పసుపులో రంగు కోసం సీసపు రసాయనం కలిపిన ఉదంతాలూ ఉన్నాయి. పైగా పసుపు పూస్తే చర్మం ఎర్రబడిందో లేదో వైద్యునికి కనిపించదు.

కాబట్టి కూరగాయలు తరిగేటప్పుడు వేలు గీసుకొంటే ధారగా పడే నీటితో బాగా కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టండి. నూనె చింది కాలితే ఇరవై నిమిషాలు మామూలు చల్లని నీరు పోయండి. మంచుగడ్డ, టూత్‌పేస్టు, కాఫీపొడి వద్దు. పూర్తిగా చల్లారిన చిన్న బొబ్బకు కలబంద గుజ్జు ఊరటనిస్తుంది. ఇంతవరకే ఇంటి వైద్యం. లోతైన గాయం, తుప్పు పట్టిన మేకు, జంతువు కాటు, చీము, జ్వరం ఉన్నచోట ఆకుకు పని లేదు, ఆసుపత్రికి వెళ్ళాలి.

మధుమేహం ఉన్న పెద్దల విషయంలో మా ఆందోళన మరీ ఎక్కువ. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకొన్నా తెలియదు. వారాల తరబడి ఆకు పసరు కట్టి, కాలు నల్లబడిన తరువాత వైద్యుని దగ్గరకు వెళ్ళిన కుటుంబాలను మేము ఎరుగుదుము. మనం రోజుకు ఐదుసార్లు వుజూ చేస్తాం. అబ్బాజాన్ కాళ్ళు కడుగుకొనే వేళ కోడలో మనుమరాలో అరికాళ్ళనూ వేళ్ళ సందులనూ ఒకసారి పరిశీలించి, తడి తుడిస్తే చాలు, పుండు తొలిరోజే కంటబడుతుంది.

కట్టు విప్పకపోతే వుజూ కాదేమోనని కొందరు పెద్దలు గాయాన్ని తడుపుతూ ఉంటారు. తలకు గాయమైన ఒక సహచరుణ్ణి వెంట ఉన్నవారు గుసుల్ తప్పదని స్నానం చేయించగా ఆయన మరణించారు. దైవప్రవక్త (స) వారిని తీవ్రంగా మందలించి, తెలియనప్పుడు అడిగి ఉండవలసిందన్నారు. ఇది అబూ దావూద్‌లో ఉంది. నీటితో హాని కలిగేచోట కట్టుపై తడిచేతితో మసహ్ చేయవచ్చునని ధర్మపండితులు చెప్పారు. అదీ హాని అయితే తయమ్ముమ్ ఉంది.

మరొక మాట. ముచ్చటపడి పసిబిడ్డ చేతికీ కాలికీ గోరింటాకు పెట్టే అమ్మలకు ఇది తెలియాలి: జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన బిడ్డలకు గోరింటాకు వల్ల ఎర్ర రక్తకణాలు చిట్లి, కామెర్లు ముదిరి ప్రాణాపాయం కలిగిన సందర్భాలున్నాయి. ఆ లోపం చూడగానే కనిపించదు, రక్తపరీక్షలోనే తెలుస్తుంది. బిడ్డ ఎదిగేదాకా ఆ ముచ్చటను వాయిదా వేయండి.