ఊరి బడిని అడిగే నోరు కావాలి

పొద్దున్నే బందరు రోడ్డు మీద చూడండి. ఉయ్యూరు, కంకిపాడు, పెనమలూరు వైపు నుంచి బెంజ్ సర్కిల్ దాకా పసుపుపచ్చ స్కూలు బస్సులే. అదే వేళకు ఊళ్లోని మండల పరిషత్ బడికి నడిచి వచ్చేది ఎక్కువగా కూలీల పిల్లలు, చిన్న కౌలు రైతుల పిల్లలు, దళితవాడల పిల్లలు. చట్టం ఏ బడి తలుపూ ఎవరికీ మూయలేదు. ఫీజూ బస్సూ కలిసి ఆ పని చేస్తున్నాయి.

అన్ని వర్గాల పిల్లలూ తమ ఇంటి దగ్గరి బడిలోనే కలిసి చదవాలని 1966లోనే కొఠారీ కమిషన్ చెప్పింది. డెల్టాలో చాలా ఊళ్ల జిల్లా పరిషత్ హైస్కూళ్లు ఒకప్పుడు అలాగే నడిచాయి. భూమి ఉన్న ఆసామి కొడుకు అక్కడే చదివేవాడు గనుక, మాస్టారు రాకపోయినా కప్పు కారినా ఆసామే వెళ్లి అడిగేవాడు. ఆయన మాటకు విలువ ఉండేది. ఇప్పుడు ఆయన మనవడు బస్సెక్కాడు. అడిగే నోరూ ఆ బస్సుతోనే పోయింది.

బస్సెక్కించిన రైతును మేం తప్పుపట్టడం లేదు. ఐదు తరగతులకు ఒక్కరే పంతులైతే ఏ తల్లికైనా భయమే. కానీ కాలువకు నీళ్లొచ్చే జూన్‌లోనే ఫీజు మొదటి వాయిదా కూడా వస్తుంది. నారుమడికి, దమ్ముకు దాచిన డబ్బు బడికి పోతే, సాగుకు వడ్డీ అప్పే గతి.

ఇంత పెట్టినందుకు ఫలితం ఏమిటి? 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల పల్లెల్లో లాటరీ తీసి, గెలిచిన పిల్లలను ప్రైవేటు బడులకు పంపి పరిశీలించారు. నాలుగేళ్ల తర్వాత హిందీలో వారు ముందున్నారు గానీ, తెలుగు, లెక్కల్లో తేడా కనిపించలేదు. ప్రైవేటు బడిలో ఒక్కో పిల్లవాడికి అయిన ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతు కూడా లేదన్నదీ నిజమే. అక్కడి టీచర్ల జీతాలు ఎంత తక్కువో మనకు తెలుసు. వెళ్లిన వారి వల్ల మిగిలిన పిల్లల మార్కులు తగ్గలేదని కూడా ఆ అధ్యయనం తేల్చింది. మా ఆందోళన మార్కులతో ఆగదు. ఒకే ఊరి పిల్లలు ఒకరినొకరు ఎరగకుండా పెరుగుతున్నారు. బడి పేదలదే అయినప్పుడు దాన్ని మూసినా పెద్దగా గొడవ ఉండదని పాలకులకు అర్థమైంది. 2022లో జీవో 117 కింద 3, 4, 5 తరగతులను ఊరి బడి నుంచి హైస్కూళ్లకు తరలించడం అలాగే సాగింది. 2025లో ఆ జీవోను రద్దు చేశారు. మధ్యలో బడి మారిన పిల్లలు అంత తేలిగ్గా తిరిగి రారు.

ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు బలహీన వర్గాలకివ్వాలన్న విద్యాహక్కు చట్టం 2010 నుంచి ఉంది. మన రాష్ట్రంలో ఆ ప్రవేశాలు మొదలైంది 2022-23లో. ఆ సీట్లు పేదల హక్కు, అమలు కావాల్సిందే. కానీ కొందరు పిల్లలను బయటికి పంపినంత మాత్రాన ఊరి బడి బాగుపడదు. ‘తల్లికి వందనం’ కింద ఇచ్చే డబ్బు ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ అందుతోంది. అందితే సంతోషమే. అంతే శ్రద్ధ ఊరి బడి మీదా ఉండాలి.

ప్రతి ప్రాథమిక పాఠశాలలో తరగతికొక ఉపాధ్యాయుణ్ని నియమించాలి. పిల్లలు తక్కువన్న సాకుతో ఏ బడినీ మూయరాదు. హైస్కూలు దూరమైన ఊళ్లకు ఉచిత బస్సు నడపాలి. ప్రభుత్వాన్ని మేం ఇవి డిమాండ్ చేస్తున్నాం.

సంఘ సభ్యులకూ ఒక పని ఉంది. కాలువకు నీళ్లు రాకపోతే లాకుల దగ్గరికి కలిసి వెళతాం. మన పిల్లలు ఎక్కడ చదువుతున్నా, ఊరి బడికి కూడా అలాగే వెళ్దాం. నెలకోసారి గ్రామ కమిటీ తరఫున ఇద్దరు వెళ్లి టీచర్ల ఖాళీలు, తాగునీరు, మరుగుదొడ్లు, మధ్యాహ్న భోజనం చూసి మండల విద్యాశాఖాధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. తల్లిదండ్రుల కమిటీలో కూలీ తల్లి మాట్లాడితే పక్కన నిలబడాలి. కాలువ చివరి పొలానికీ నీరందాలని కొట్లాడే సంఘం, ఊరి చివరి ఇంటి పిల్లకూ చదువందాలని కొట్లాడాలి.