ఆ తొమ్మిది పిన్నులు

పోయిన భాగంలో వాడల్లో మనం నడుపుకునే గ్రంథాలయాల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి ఆ గ్రంథాలయాల్లో మూలన పడ్డ కంప్యూటర్ల గురించి.

మన పిల్లలకు కంప్యూటర్ శిక్షణ అంటే టైపింగ్, ఎక్సెల్, డేటా ఎంట్రీ. డబ్బా విప్పి చూపించేవాళ్లు లేరు. ఒకచోట 'సీపీయూను ముట్టుకోరాదు' అని గోడకు కాగితం అంటించారు. మిషన్ పాడవుతుందనే రాసి ఉంటారు, కాదనను. కానీ ఆ మాట మనం చదివే తీరు వేరు.

మణుగూరు సంగతి తెలిసిందే. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు, భారజల కర్మాగారం, 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం. ఊరికి కరెంటు తయారుచేసే పేరుంది, ఇంటింటికీ బొగ్గు దుమ్ముంది. ఏదో ఆఫీసులో తీసేసిన డెస్క్‌టాప్ మనకు దానంగా వస్తుంది. రేకు తుప్పు పట్టి, పవర్ బటన్ లోపలికి కూరుకుపోయి ఉంటుంది. లోపలి మదర్‌బోర్డు మాత్రం చాలాసార్లు బాగానే ఉంటుంది. బటన్ పోయిందని మిషన్‌ను పక్కన పెట్టేస్తారు. మన వడ్రంగి ప్లైవుడ్‌తో కేబినెట్ చేసివ్వగలడు. భయపెట్టేది ఒక్కటే, ఫ్రంట్ ప్యానెల్ తీగలు.

అది బ్రహ్మవిద్యేం కాదు. విడిగా కొనే బోర్డుల్లో సాధారణంగా రెండు వరుసల్లో పది చోట్లుంటాయి, పదోది ఖాళీ. 1, 3 హార్డ్ డిస్క్ లైటు. 2, 4 పవర్ లైటు. 5, 7 రీసెట్. 6, 8 పవర్ బటన్. తొమ్మిదోదాని జోలికి పోవద్దు. పవర్ బటన్ చేసే పనల్లా ఆ రెండు పిన్నులను ఒక్క క్షణం కలపడమే. అందుకే ఎక్కడా వాడని కొత్త కాలింగ్ బెల్ బటన్ దానికి సరిపోతుంది. గోడకుండే లైటు స్విచ్ పెడితే బటన్ నొక్కి పట్టుకున్నట్టే, నాలుగైదు సెకన్లలో మిషన్ ఆగిపోతుంది. లైటుకు ప్లస్, మైనస్ ఉన్నాయి, తిరగేస్తే వెలగదు, అంతే. యూఎస్‌బీ తీగలతో మాత్రం జాగ్రత్త. అందులో 5 వోల్టులుంటాయి, తప్పు పెడితే పెన్‌డ్రైవో బోర్డో కాలుతుంది. ప్లగ్ పీకాకే చెయ్యి పెట్టండి. పవర్ సప్లై డబ్బాను అసలు విప్పవద్దు.

చిక్కంతా పెద్ద కంపెనీల ఆఫీసు మిషన్లతోనే. పిన్నుల వరుస వాళ్లదే, ప్లగ్ వాళ్లదే, పటం బయటపెట్టరు. అప్పుడు పాత తీగనే అడగాలి. పాత బటన్ పూర్తిగా చచ్చిపోకపోతే, మల్టీమీటర్ పెట్టి దాన్ని నొక్కుతూ చూస్తే ఏ రెండు రంధ్రాల మధ్య బీప్ వస్తుందో అవే పవర్‌వి. ఇంటెల్ తన ఫ్రంట్ ప్యానెల్ మార్గదర్శిని అందరూ చదివేలా ఏనాడో పెట్టింది. మిగతావాళ్లకేం అడ్డమొచ్చింది? 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. మన విద్యార్థి సంఘాల కరపత్రాల్లో ఆ మాట నాకు ఇంతవరకు కనబడలేదు.

ఇక్కడ ఒక మిత్రుడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. 'తరతరాలుగా చేతిపనికే కట్టేశారు కదన్నా, మళ్లీ మన పిల్లల చేతికి స్క్రూడ్రైవరా?' అని. న్యాయమైన కోపమే. కులం పనులను మాత్రమే కాదు, పనిచేసే మనుషులనే విడగొట్టిందని బాబాసాహెబ్ 1936లోనే వాదించాడు. మనకు అంటగట్టింది పని. దాచిపెట్టింది పుస్తకం. గనిలో కేబుల్ వేసే కాంట్రాక్టు కార్మికుడికి ఏ తీగ ఎటు పోతుందో తెలుసు, డ్రాయింగ్ మాత్రం ఇంకొకరి బల్ల మీద ఉంటుంది. మోటారు వైండింగ్ చేసేవాడు మెకానిక్, సంతకం పెట్టేవాడు ఇంజనీరు. నేనడిగేది మాన్యువల్, స్క్రూడ్రైవర్ రెండూ ఒకే పిల్ల చేతిలో ఉండాలని. ఏఐ నేర్చుకోవద్దని ఎవరన్నారు? దాని వెనకా ఎక్కడో గదినిండా మిషన్లే ఉన్నాయి.

మణుగూరు, పినపాక వైపు వాడల్లోగాని, కోయ గూడేల్లోగాని చచ్చిన డెస్క్‌టాప్ ఉంటే పారేయకండి, పాత బటన్ తీగ కూడా. మల్టీమీటర్ నేను తెస్తాను. చెల్లెళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి, ప్రతిసారీ స్క్రూడ్రైవర్ తమ్ముళ్ల చేతికే పోతోంది.