గోరంత సందు, కొండంత బరువు

పిల్లలూ! హైదరాబాదు నుంచి నాగార్జునసాగరం పోయే రోడ్డు మీద ఇబ్రహీంపట్నం అనే ఊరు ఉంది. ఇబ్రహీం కుతుబ్‌షా పేర వెలసిన ఊరు; దానికో పెద్ద చెరువు కూడా ఉంది. ఇవాళ ఆ రోడ్డు మీద తిరిగే లారీలు దాదాపు అన్నీ డీజిలువే. కాని 1955లో నాగార్జునసాగరం ఆనకట్టకు పునాదిరాయి వేసేనాటికి మన దేశంలో పెట్రోలుతో నడిచే లారీలు చాలా ఉండేవి.

అలాంటి పాత పెట్రోలు లారీ ఒకటి ఇబ్రహీంపట్నంలో ఒక తాత దగ్గర ఇంకా ఉందనుకోండి. కల్లంలో వడ్ల బస్తాలు ఉన్నాయి. ఆకాశంలో మబ్బులు కమ్ముతున్నాయి. తాతా మనవడూ ఖాళీ లారీని కల్లం దాకా తోలుకువచ్చారు. లారీ హాయిగా నడిచింది. తీరా బస్తాలు వేసుకుని రోడ్డు ఎత్తు ఎక్కబోయేసరికి ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. నాలుగు గజాలు పోయి ఆగిపోయింది!

ట్యాంకులో పెట్రోలు ఉంది. బ్యాటరీ బాగానే ఉంది. మరి ఖాళీగా నడిచిన లారీ బరువు వేయగానే ఎందుకు మొరాయించింది? మీరే ఆలోచించండి. ఈలోగా ఇంజను లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

పెట్రోలు ఆవిరీ గాలీ కలిసి సిలిండరులోకి వస్తాయి. పిస్టను వాటిని పైకి అదిమి నొక్కుతుంది. సరిగ్గా ఆ సమయానికి ఒక నిప్పురవ్వ పడాలి. ఆ రవ్వ పుట్టించేదే స్పార్కు ప్లగ్గు. దాని నడుమ పింగాణీ తొడుగులో ఒక కడ్డీ ఉంటుంది. పక్కనుంచి మరో చిన్న కడ్డీ వంగి దాని ఎదుటికి వస్తుంది. రెంటికీ మధ్య చిన్న సందు. బ్యాటరీ ఇచ్చేది 6 వోల్టులో 12 వోల్టులో మాత్రమే. కాయిలు దాన్ని వేల వోల్టులకు పెంచుతుంది. అప్పుడు విద్యుత్తు ఆ సందును దూకుతుంది. అదే నిప్పురవ్వ!

ఇంజను నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతుంటే ప్రతి ప్లగ్గూ నిమిషానికి 1,200 సార్లు రవ్వ వెయ్యాలి. అంటే మీరు “ఒకటి” అని లెక్కపెట్టేలోగా 20 సార్లు అన్నమాట.

ఇన్నిసార్లు రవ్వలు పడితే కడ్డీల అంచులు కొద్దికొద్దిగా అరిగిపోవా? అరుగుతాయి. అరిగినకొద్దీ సందు పెరుగుతుంది. ఇక్కడే ఉంది మన చిక్కు. లారీ ఖాళీగా ఉంటే ఇంజను తక్కువ గాలి పీలుస్తుంది, సిలిండరులో ఒత్తిడి తక్కువగా ఉంటుంది. కనక విద్యుత్తు పెద్ద సందునైనా ఎలాగో దూకేస్తుంది. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు తాత యాక్సిలరేటరు బాగా తొక్కుతాడు. సిలిండరు నిండుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. అంత చిక్కగా నొక్కుకున్న వాయువులో విద్యుత్తు దూకడం కష్టం. రవ్వ తప్పిపోతుంది, ఇంజను దగ్గుతుంది.

తాత ఇంజను చల్లారేదాకా ఆగాడు. ప్లగ్గుల చుట్టూ ఉన్న దుమ్ము ఊదేశాడు. లేకపోతే ఇసుక సిలిండరులో పడుతుంది. వైర్లు తారుమారు కాకుండా ఒక్కొక్క ప్లగ్గే విప్పి చూశాడు. కొనలు లేత గోధుమరంగులో ఉన్నాయి. అంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టే. నల్లటి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతున్నట్టు, నూనెతో తడిసి ఉంటే లోపలికి ఆయిలు వస్తున్నట్టు, సున్నం కొట్టినట్టు తెల్లబడితే వేడి మితిమీరినట్టు. కాని సందు మాత్రం బాగా పెరిగిపోయింది, అంచులు గుండ్రంగా అరిగిపోయాయి.

మనవడు పరుగెత్తి బజారు నుంచి కొత్త ప్లగ్గులు తెచ్చాడు. తాత వాటిని పాతవాటి పక్కన పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

“ఎందుకు తాతా? మర సరిగ్గానే ఉంది గదా!”

“మర లావు సరిపోయింది బిడ్డా, పొడుగు సరిపోలేదు. ఇది లోపలికి పొడుచుకుపోతే పిస్టను వచ్చి గుద్దుతుంది.”

ప్లగ్గు ఎంచేటప్పుడు మూడు చూడాలి. మర లావు ఒకటి: 14 మిల్లీమీటర్లవీ, 18 మిల్లీమీటర్లవీ ఉంటాయి. మర పొడుగు రెండోది. మూడోది వేడి. పింగాణీ ముక్కు పొడుగ్గా ఉంటే కొన నుంచి వేడి నెమ్మదిగా బయటికి పోతుంది, అది “వేడి ప్లగ్గు.” ముక్కు పొట్టిగా ఉంటే వేడి త్వరగా పోతుంది, అది “చల్ల ప్లగ్గు.” ఎండన పడి వచ్చినవాడికి చల్లటి మజ్జిగ ఇస్తాం కదా! అలాగే బాగా వేడెక్కే ఇంజనుకు చల్ల ప్లగ్గు, నింపాదిగా నడిచేదానికి వేడి ప్లగ్గు. కొన సుమారు 500 డిగ్రీలకు చేరితే మసి దానంతటదే కాలిపోతుంది. మరీ ఎర్రగా కాలితే రవ్వ పడకముందే పెట్రోలు అంటుకుని ఇంజను పాడవుతుంది. ఏ ఇంజనుకు ఏ ప్లగ్గో తయారుచేసినవారి పుస్తకంలో ఉంటుంది.

మనవడు పాత ప్లగ్గును చేతబట్టుకుపోయి సరైనవి తెచ్చాడు. “ఇక బిగిద్దామా?” అన్నాడు. తాత ఒప్పుకోలేదు. కొత్త ప్లగ్గుకైనా సందు కొలవాల్సిందే! ఈ లారీ పుస్తకం ప్రకారం అది అంగుళంలో వెయ్యింట 25 వంతులు, అంటే మిల్లీమీటరులో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. దాదాపు మీ గోరు మందం అనుకోండి. అది కొలిచే సాధనం ఫీలరు గేజి. అది సందులో కొద్దిగా రాసుకుంటూ దూరాలి; వదులుగా జారిపోకూడదు, బలవంతంగా తొయ్యకూడదు. సందు సరిచేయడానికి పక్క కడ్డీనే వంచాలి. నడిమి కడ్డీని వంచితే పింగాణీ పగులుతుంది. సందు మరీ తగ్గించినా చిక్కే: రవ్వ చిన్నదై పెట్రోలును సరిగ్గా అంటించలేదు.

ఆరు ప్లగ్గులూ కొలిచి, మొదట చేత్తో తిప్పి, ఆ తరవాత స్పానరుతో బిగించారు. లారీ ఒక్క దగ్గు లేకుండా ఎత్తు ఎక్కేసింది. చినుకులు మొదలయ్యేసరికి వడ్లు గోదాములో ఉన్నాయి.

మీ నాన్నగారి స్కూటరులో కూడా ఇలాంటి ప్లగ్గు ఉంటుంది. ఈసారి మెకానిక్కు దాన్ని విప్పినప్పుడు పక్కన నిలబడి కొన ఏ రంగులో ఉందో చూడండి, సందు ఎంతో అడగండి. మీరు మాత్రం నడిచే ఇంజను మీద చెయ్యి వెయ్యకండి. ఆ వైర్లలో ఉన్నది వేల వోల్టులని మరిచిపోరు కదూ!