గోదావరి దాటని చదువు

మంచిర్యాలకును గోదావరిఖనికిని నడుమ గోదావరి ప్రవహించుచున్నది. నదిపై వంతెన గలదు. బస్సులును రైళ్లును పగలనక రేయనక తిరుగుచున్నవి. దక్షిణపు ఒడ్డున రామగుండము గనిలో పనిచేయు సింగరేణి కార్మికుని ఉత్తరపు ఒడ్డున శ్రీరాంపురమునకో మందమర్రికో బదిలీ చేయుటకు ఒక్క ఉత్తరువు చాలును. ఆతడు చేసిన నౌకరిలో ఒక్క దినమైనను నదిలో కొట్టుకొనిపోదు. జీతము, సెలవులు, భవిష్యనిధి అన్నియు ఆతని వెంట వచ్చును.

ఆ కార్మికుని కుమార్తె గోదావరిఖని కళాశాలలో రెండు సెమిస్టరులు చదివి ఉత్తీర్ణురాలైనదనుకొందము. తండ్రితో మంచిర్యాలకు వచ్చి, అచ్చటి కళాశాలలో మూడవ సెమిస్టరున చేరగోరెననుకొందము. తండ్రి వచ్చెను, తల్లి వచ్చెను, ఇంటి సామాను వచ్చెను. ఆ పిల్ల చదివిన చదువు మాత్రము వంతెన దాటుటకు అనుమతి వేడుకొనవలసి యున్నది. ఏలయన ఆ ఒడ్డు శాతవాహన విశ్వవిద్యాలయమునకు, ఈ ఒడ్డు కాకతీయ విశ్వవిద్యాలయమునకు చెందినవి.

విడిచిన కళాశాల టీ.సీ. ఈయవలెను; నిరభ్యంతర పత్రము ఈయవలెను. విడిచిన విశ్వవిద్యాలయము మైగ్రేషన్ సర్టిఫికెట్ ఈయవలెను. చేరదలచిన చోట సీటు ఖాళీ యుండవలెను. అటుపిమ్మట చదివిన పాఠ్యములును ఇచ్చటి పాఠ్యములును సమానములా కావా యని తుల్యత నిర్ణయింపవలెను. ఈ పత్రములలో దేనినిగాని మేము అక్రమమనుట లేదు. కాని యా నిర్ణయ మెట్లుండునో విద్యార్థినికి ముందుగా తెలియదు. ఎన్ని దినములలో వచ్చునో తెలియదు. కాదన్నచో ఏల కాదనిరో తెలియదు. మా ఆక్షేపణ యంతయు ఇచ్చటనే యున్నది.

ఈ సరిహద్దు అనాదిగా వచ్చినది కాదు. 1956లో కరీంనగరమున శ్రీ రాజరాజేశ్వర కళాశాల వెలసిననాడు ఈ రెండు జిల్లాలకును ఉస్మానియాయే విశ్వవిద్యాలయము. 1976లో వరంగల్లున కాకతీయ విశ్వవిద్యాలయ మేర్పడగా రెండు ఒడ్డులును దాని నీడకు వచ్చెను. 2008లో కరీంనగరమునకు శాతవాహన విశ్వవిద్యాలయము వచ్చెను. ఆదిలాబాదు కాకతీయ క్రిందనే నిలిచెను. కరీంనగరమునకు సొంత విశ్వవిద్యాలయము కలుగుట హర్షింపదగినదే. కాని అన్నదమ్ములు వేరుపడినప్పుడు పొలమునకు గట్టు వేసికొందురు గాని బావికి అడ్డుగోడ కట్టుకొనరు. విద్య బావివంటిది. పాలన వేరగుటచే పాఠము వేరుకాదు.

మరియొక వింత చూడుడు. ఇంటర్మీడియెట్ ముగించిన విద్యార్థి డిగ్రీలో చేరుటకు 2016 నుండి ‘దోస్త్’ అను ఏక ప్రవేశ పద్ధతి గలదు. ఒక్క దరఖాస్తుతో ఉస్మానియా, కాకతీయ, శాతవాహన మొదలగు విశ్వవిద్యాలయముల కళాశాలలను కోరుకొనవచ్చును. డిగ్రీ ముగించి ఎం.ఏ., ఎం.ఎస్సీ.లలో చేరుటకును ఈ విశ్వవిద్యాలయములన్నిటికి ఒక్కటే ప్రవేశ పరీక్ష. అచ్చట శాతవాహన పట్టమునకును కాకతీయ పట్టమునకును భేదము లేదు. అనగా ఇంటి ముందరి వాకిలి ఒక్కటే, పెరటి వాకిలియు ఒక్కటే. నడుమ మాత్రము గోడ. పూర్తి పట్టము నది దాటును, సగము పట్టము దాటదు! మూడేండ్ల చదువు నమ్మదగినదైనప్పుడు అందులోని మొదటి యేడు నమ్మదగనిదెట్లగును? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినది విద్యార్థిని కాదు.

పరదేశపు విశ్వవిద్యాలయములు మన పిల్లల సగము చదువును నెత్తిన పెట్టుకొన్న దినములు ఈ ప్రాంతపు చరిత్రలో గలవు. 1938లో ఉస్మానియా విద్యార్థులు వసతిగృహపు ప్రార్థనామందిరమున వందేమాతర గీతము పాడిరి. అధికారులు నిషేధించిరి, విద్యార్థులు సమ్మె కట్టిరి, వందలకొలది బహిష్కృతులైరి. ఆ జ్వాల వరంగల్లు కళాశాలకును ప్రాకెను. నిజాము రాజ్యమున వారికి కళాశాల లేదు. చేతిలో సగము చదువు, నెత్తిన బహిష్కార ముద్ర, ఎదుట అంధకారము. అప్పుడు బ్రిటిషు ఇండియాలోని నాగపూరు విశ్వవిద్యాలయము తలుపు తెరచెను. దాని వైస్ ఛాన్సలరు టి. జె. కేదార్ ఆ విద్యార్థులను చేర్చుకొనిరి.

ఆ నాగపూరు బాట పట్టిన వారిలో అప్పటి కరీంనగరము జిల్లా వంగర గ్రామపు యువకుడొకడు గలడు. ఆతడే పాములపర్తి వేంకట నరసింహారావు. నాగపూరు విశ్వవిద్యాలయము ఆతని చదువు ఆగిపోకుండ నిలిపెను. న్యాయశాస్త్ర పట్టమును అచ్చటనే యొసగెను. 1991లో ఆతడు భారత ప్రధానమంత్రి యయ్యెను; 2024లో మరణానంతరము భారతరత్న మయ్యెను. ఒక్క తలుపు తెరచుకొనినందువలన దేశమునకు ఏమి దక్కినదో ఎల్లరును ఎరుగుదురు. తెరచుకొనని తలుపులవలన ఏమి పోయినదో ఎవ్వరును ఎరుగరు. అట్టి నష్టమును ఏ లెక్కల పుస్తకమునందును వ్రాయరు.

ఉస్మానియాలో బోధనాభాష ఉర్దూ. నాగపూరు వేరొక ప్రభుత్వము క్రిందిది. నాడు కంప్యూటరు లేదు, క్రెడిట్ల లెక్క లేదు. అయినను విద్యార్థి నిలిచిపోలేదు. నేడు రెండు ఒడ్డులందును ఒక్కటే ప్రభుత్వము, ఒక్కటే ఉన్నత విద్యామండలి, ఒక్కటే సెమిస్టరు పద్ధతి. మండలి ప్రేరణతో 2016 నుండి రాష్ట్రమంతట క్రెడిట్ల పద్ధతియు అమలునకు వచ్చెను. వారమునకు ఒక గంట చొప్పున సెమిస్టరు పొడవునా పాఠము వినినచో ఒక క్రెడిట్టు. నాలుగు గంటలైనచో నాలుగు. చదువును తూచుటకు ఒకే తూనికరాయి అందరికి నీయబడినది. ఒకే రాయితో తూచిన బియ్యమును ఏటికి ఆవల మరల తూచుట యేల?

అంతియే కాదు. 2021 జులైలో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ ‘అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్’ అను క్రెడిట్ల బ్యాంకును స్థాపించుచు నిబంధనలు ప్రకటించెను. విద్యార్థి ఒకచోట సంపాదించిన క్రెడిట్లు ఆతని పేర జమయగును. వేరొకచోట వానిని పట్టమునకై వాడుకొనవచ్చును. గరిష్ఠముగా ఏడేండ్లవరకు అవి చెల్లును. విద్యార్థికి పండ్రెండంకెల ‘అపార్’ సంఖ్య గూడ ఈయబడుచున్నది. ఉద్దేశము శ్లాఘనీయము. కాని బ్యాంకులో పైకము దాచుకొనుట వేరు, ఆ పైకము అంగడిలో చెల్లుట వేరు. అంగడివాడు నాణెమును తిప్పి తిప్పి చూచి, ‘ఇది మా యూరిలో చెల్లునో చెల్లదో మా పెద్దల నడిగి చెప్పెదను, పోయి రమ్ము’ అనినచో ఆ జమవలన ఫలమేమి? క్రెడిట్లను లెక్కించు యంత్రమును సర్కారు కట్టినది. వానిని స్వీకరించు మనస్సు ఇంకను కట్టబడలేదు.

బయటి లోకమున ఈ చిక్కును ఎట్లు విప్పుకొనిరో చూతము. 1997లో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఐరోపా మండలియు యునెస్కోయు కలిసి విద్యార్హతల గుర్తింపునకై ఒక ఒప్పందము కుదిర్చినవి. దాని సారాంశ మిది: రెండు చదువుల నడుమ గణనీయమైన భేదము గలదని చూపలేనిచో మొదటి చదువును గుర్తింపవలెను; దరఖాస్తు నిబంధనలకు చాలదని నిరూపించు భారము దానిని పరిశీలించు సంస్థదే. వేరు వేరు భాషలు, వేరు వేరు రాజ్యములు, పూర్వము యుద్ధములు చేసికొన్న జాతులు ఈ న్యాయమునకు తలయొగ్గినవి. ఆ ఒప్పందము మనలను కట్టివేయదు. కాని ఒక్క రాష్ట్రమునందలి ఇరుగుపొరుగు విశ్వవిద్యాలయములు ఆ మాత్రపు నమ్మకమైనను ఒకదానిపై నొకటి ఉంచలేవా?

ఇందులకు పెద్దలు చెప్పు అభ్యంతరములను మేము విననివారము కాము. మొదటిది: ప్రమాణములు దిగజారునని. ఒకచోట సులభముగా మార్కులు సంపాదించి మరియొకచోట పట్టము తీసికొందురని వీరి భయము. ఆ భయమునకు మందు 2021 నిబంధనలలోనే యున్నది: పట్టమిచ్చు సంస్థలో కనీసము సగము క్రెడిట్లు సంపాదింపవలెను. సగము చదువు తమ కన్నుల యెదుట జరిగిన పిమ్మట సందేహమేల? ఆ సంస్థకు ఒక పాఠ్యము లోపించినట్లు తోచినచో ఆ ఒక్క పాఠ్యమునకే పరీక్ష పెట్టవచ్చును. ఒక్క పాఠ్యము కొరకు ఏడాదినంతటిని కొట్టివేయుట ఒక పన్ను పుచ్చినదని దవడ తీసివేయుట వంటిది.

రెండవ అభ్యంతరము: ఇట్లు మారువారు కొద్దిమందియే గదా, వారికై ఇంత ఏర్పాటేల యని. ఎవరా కొద్దిమంది? బదిలీయైన గని కార్మికుని పిల్లలు. చదువు నడుమ పెండ్లియై అత్తవారి యూరికి పోయిన ఆడపిల్లలు. తండ్రి మరణించగా మేనమామ యింటికి చేరినవారు. ఉట్నూరు, జైనూరు, కెరమెరి ప్రాంతములందు తమ వంశమున మొట్టమొదట కళాశాల గడప తొక్కిన గోండు, కొలాము బిడ్డలు. ధనవంతుని కుమారునికి ఒక యేడు పోయినచో ఒక యేడే పోవును. వీరికి ఒక యేడు పోయినచో చదువే పోవును. వరంగల్లులో ఒక సంతకమునకై పోయి వచ్చుటకు వీరి తండ్రులు పోగొట్టుకొను కూలి యెంతయో ఏ కార్యాలయమును లెక్క వేయదు.

ఇక సర్టిఫికెట్ల సంగతి. విద్యార్థి ఫీజును ప్రభుత్వము తిరిగి చెల్లింతుననును; చెల్లింపు ఆలస్యమగును. 2025 నవంబరులో ఈ బకాయిలకై రాష్ట్రమందలి ప్రైవేటు కళాశాలలు మూతపడిన సంగతి పాఠకులు మరచియుండరు. కళాశాలల కష్టమును మేము కాదనము. కాని సర్కారు పడిన బాకీకి విద్యార్థి సర్టిఫికెట్లను తాకట్టుగా పట్టుకొనుట ఏ ధర్మశాస్త్రమునందున్నది? అసలు సర్టిఫికెట్లను ఆపి యుంచరాదని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2018లోనే ప్రకటించెను. అప్పు చేసినవాడు ఒకడు, అప్పిచ్చినవాడు వేరొకడు. జప్తుకు వచ్చిన వస్తువు మాత్రము నడుమనున్న పిల్ల భవిష్యత్తు.

కావున మేము కోరునది భిక్ష కాదు, పద్ధతి. శాతవాహన, కాకతీయ విశ్వవిద్యాలయములు రెండును కూర్చుండి, ఏ పాఠ్యమునకు ఏ పాఠ్యము సమానమో ఒక పట్టిక సిద్ధపరచి, విద్యాసంవత్సరమునకు ముందే ప్రకటింపవలెను. పట్టికలోనున్న పాఠ్యమునకు వేరుగా విచారణ యక్కరలేదు. పట్టికలో లేనిదానికి పదిహేను దినములలో సమాధాన మీయవలెను. గడువు దాటినచో అంగీకరించినట్లే యెంచవలెను. కాదన్నచో కారణమును కాగితముపై వ్రాసి యీయవలెను. దానిపై అప్పీలునకు తావుండవలెను. విశ్వవిద్యాలయమే విశ్వవిద్యాలయమునకు మెమోలు పంపుకొనవలెను. పిల్లలను తపాలా బంట్రోతులుగా త్రిప్పరాదు. వీనికి కొత్త చట్టము పనిలేదు, కోట్ల రూపాయలు పనిలేదు. రెండు సంతకములును కొంచెము సిగ్గును చాలును.

పఠనాలయములందు ఈ పత్రికను చదువు పెద్దలకు ఒక్క మనవి. మీ యూరిలో ఇట్లు నిలిచిపోయిన విద్యార్థి యున్నచో ఆతనికి దరఖాస్తు వ్రాసి పెట్టుడు. నోటిమాటతో త్రిప్పి పంపినచో 2005 సమాచార హక్కు చట్టము క్రింద నిర్ణయమును, దాని కారణమును లిఖితముగా కోరుడు. ముప్పది దినములలో సమాధాన మీయవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. కారణము వ్రాయవలసి వచ్చిననాడు ‘వీలుపడదు’ అను మాట సగము చచ్చును.

చదివిన చదువు విద్యార్థి సొత్తు. విశ్వవిద్యాలయము దానికి లెక్క వ్రాయు కరణము మాత్రమే. కరణము మారినంతమాత్రమున రైతు భూమి పోదు. 1938లో పరప్రభుత్వము క్రిందనున్న నాగపూరు తెలంగాణపు బిడ్డలను ‘రండు’ అని పిలిచెను. అన్ని యేండ్ల పిమ్మట, స్వరాజ్యమునందు, స్వరాష్ట్రమునందు, గోదావరి ఒక ఒడ్డు మరియొక ఒడ్డు బిడ్డను ‘నీవెవరు?’ అని అడుగుచున్నది. నదికి వంతెన కట్టి చాల కాలమైనది. ఇక చదువునకు గూడ కట్టుడు.