పాసైన పేపరు లెక్కలో నిలవాలి

మార్చి నుంచి మే వరకు గోకవరం పరిసర మెట్ట గ్రామాలలో జీడి పిక్కలు ఏరే రోజులు. ఇంటిల్లిపాదీ తోటల్లోనే వుంటారు. సార్వత్రిక విద్య కింద పదవ తరగతి, ఇంటర్ రాసే పెద్దవారికి ప్రధాన పరీక్షలు కూడా ఈ నెలల్లోనే వస్తున్నాయి. 2025 ఆగస్టు నుంచి ఆడవారికి పల్లెవెలుగు బస్సు ఉచితమైన మాట నిజమే. పరీక్షనాడు పోయిన కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు. ఇన్ని ఇక్కట్లు పడి పరీక్షకు పోయే ఇల్లాలిని చూసి "ఈ వయసులో చదువేమిటి?" అని నవ్వేవారికి మన వూళ్లలో కొదవ లేదు. వారి సంగతి అలా వుంచి, పరీక్ష పెట్టేవారి సంగతి కొంత విచారించవలసి వుంది.

మాకు తెలిసిన ఒక అంగన్‌వాడీ ఆయా వుంది. వయసు నలభైకి దగ్గరపడింది. ఎనిమిదో తరగతితో బడి మానింది. పిల్లల బరువులు తూచడంలో, రిజిస్టర్లు నింపడంలో ఏళ్ల తరబడి చేయి వేసిన మనిషి. కార్యకర్త పోస్టు ఖాళీ పడినప్పుడు పదవ తరగతి సర్టిఫికెట్ లేదన్న ఒక్క కారణంతో ఆమె పేరు పక్కన పెట్టారు. ఆ రోజు ఏడ్చింది. మరుసటి ఏడు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో ఫీజు కట్టింది. మొదటి విడత తెలుగు, గృహ విజ్ఞానం రెండే రాసింది. రెండూ గట్టెక్కాయి. రెండో విడత సాంఘిక శాస్త్రం పాసై, ఇంగ్లీషు తప్పింది. మూడో విడతకు ఇంగ్లీషు కూడా అయిపోయింది.

ఈ సంస్థ పద్ధతి పల్లెల్లో చాలామందికి తెలియదు. అయిదు సబ్జెక్టులు పాస్ కావాలి. అందులో ఒకటైనా భాష వుండాలి. లెక్కలు తీసుకుతీరాలన్న నిర్బంధం లేదు. లెక్కలకు భయపడి బడి మానినవారు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదువుకోవాలని మనవి. అయిదేళ్లలో తొమ్మిదిసార్లు పరీక్షకు కూర్చోవచ్చు. పాసైన సబ్జెక్టు మళ్లీ రాయనక్కరలేదు, ఖాతాలో నిలిచి వుంటుంది. కుప్ప మొత్తం ఒక్కరోజే నూర్చమనకుండా, ఎంత నూర్చితే అంత గాదెలో పోసుకొమ్మన్నట్టు వుంటుంది. సంసారం మోసేవారికి తగిన పద్ధతి ఇదే.

పెద్ద వయసులో పరీక్ష రాసి పైకి రావడం తెలుగువారికి కొత్త సంగతి కాదు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి వచ్చిన తరువాత, ఇరవై నాలుగేళ్లు దాటాక, బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు చదివి పాసయ్యారు. తరువాత వాల్తేరులో బి.ఏ., మద్రాసులో లా. 1937లో మద్రాసులో ఆమె నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ తొలి పనులలో ఒకటి, చదువు ఆగిపోయిన ఆడవారిని ఆ బెనారస్ మెట్రిక్‌కు తయారు చేయడం. బడికి పోయిన ఏళ్లు ఎన్ని అని కాక, పరీక్షలో ఏం రాశావని అడిగిన విశ్వవిద్యాలయం ఒకటి ఆనాడు వున్నందువల్లనే అది సాధ్యమయింది. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడూ అంతే. ఇంటర్ లేనివారు సైతం అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరారు.

డిగ్రీ మధ్యలో వదిలినవారి పరిస్థితి వేరు. 2021లో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఏర్పాటు చేసింది. సంపాదించిన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు నిలువ వుంటాయి. మంచిదే. అయితే సంవత్సరాంత పరీక్షల కాలంలో బి.ఏ. చదివి, ఒక్క ఇంగ్లీషు పేపరు దగ్గర ఆగి, నేడు ఆటో నడుపుకుంటున్న మనిషికి ఈ బ్యాంకులో ఖాతా ఎక్కడిది? విశ్వవిద్యాలయాలు ఎప్పుడో ఒకసారి "వన్ టైమ్ చాన్స్" అని ప్రకటన ఇస్తాయి. అది పల్లెకు తెలిసేసరికి గడువు దాటిపోతుంది. పాసైన పేపర్లన్నీ పక్కనబెట్టి మొదటి సంవత్సరం నుంచి రమ్మంటే ఎవరు వస్తారు? ఆ మార్కుల జాబితాల మీద సంతకాలు విశ్వవిద్యాలయాలవే కదా.

ఇక చెప్పక తప్పని మాట ఒకటి వుంది. సార్వత్రిక పరీక్షలంటే చూచిరాతలన్న పేరు పడింది. "పాస్ గ్యారంటీ" అని చెప్పి డబ్బు గుంజే దళారులు వున్నారు. వారికి డబ్బిచ్చేవారూ వున్నారు, వారిలో ఉద్యోగులూ లేకపోలేదు. పుస్తకం తెరిచి రాసినవారు పాసవుతారు, రాత్రి దీపం కింద చదివినవారూ పాసవుతారు. ఇద్దరి సర్టిఫికెట్లనూ లోకం ఒకే కంటితో చూస్తుంది. నష్టపోయేది మా ఆయా వంటివారు. ఆమె సర్టిఫికెట్ చూపిస్తే "ఓపెన్‌లోనా?" అని పెదవి విరుస్తారు. పరీక్ష గట్టిగా పెట్టమని కోరవలసినవారు, నిజానికి, చదివి రాసేవారే.

కనుక మండల కేంద్రం ఉన్నత పాఠశాలలోనే, కోతలూ ఏరుళ్లూ లేని నెలలలో, కెమెరా పెట్టి, పక్క మండలం ఉపాధ్యాయులను వేసి పరీక్ష పెట్టవచ్చు. అభ్యర్థి సిద్ధమైనప్పుడు వచ్చి రాసే పద్ధతి ఈ జాతీయ సంస్థకు వుండనే వుంది. అది ఎంపిక చేసిన కొద్ది కేంద్రాలకే పరిమితమయింది. దానిని డివిజన్ కేంద్రాల దాకా తెస్తే సగం బాధ తీరుతుంది. పాత డిగ్రీ పేపర్ల విషయంలో విశ్వవిద్యాలయాలు ఏటా ఒక నిర్ణీత తేదీ ప్రకటించి, ఆ ప్రకటనను గ్రామ సచివాలయం నోటీసు బోర్డుకు పంపితే పెద్ద ఖర్చేమీ కాదు.

ఆయాకు సైన్సు పేపరు ఒక్కటి మిగిలి వుంది. అక్టోబరు విడతకు ఫీజు కడతానంటోంది. సెంటరు దగ్గరలో పడుతుందో, రాజమండ్రి పోవలసి వస్తుందో హాల్ టిక్కెట్టు చేతికి వస్తేగాని తెలియదు.