డాలరుకు రెండు ధరలు

"మీకేందన్నా, కోటి రూపాయల కొడుకు ఉండాడే!" అంటుంది మా పక్కింటావిడ.

శ్రీహరికోటలో షార్ ఉద్యోగం చేసి రిటైరై, పులికాట్ సరస్సుకు ఇవతల సూళ్లూరుపేటలో ఇల్లు కట్టుకున్నవాణ్ణి. ఆవిడ అనే ఆ కోటి నేను నేర్పిన లెక్కే. కాలిఫోర్నియాలో మా అబ్బాయి జీతం ఏడాదికి 1,20,000 డాలర్లని తెలిసిననాడు కాగితం తీసి, అప్పటి మారకం 82తో గుణించి, వీధంతా చాటింది నేనే కదా! తొంభై ఎనిమిది లక్షల నలభై వేలు. ఆ పైది ఆవిడే కలుపుకుంది.

ఆ ఊపులోనే మేడ తలపెట్టాను. రాకెట్టు ఎగిరినప్పుడల్లా చుట్టాలొస్తారు, ఇంకొక అంతస్తు ఎత్తుంటే బాగా కనబడుతుందని. అయిదు లక్షలు పంపరా అన్నాను. పంపాడు. మళ్ళీ అడిగాను.

2023 మార్చిలో మేమిద్దరం వాడి దగ్గరికి వెళ్ళాం. జీతం చేతికి రాకముందే కేంద్రం పన్ను, రాష్ట్రం పన్ను, ఆపైన సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం పోతాయి. రెండు పడకగదుల వాటాకు నెలకు 3,000 అద్దె. మనవణ్ణి పగలు చూసుకునేచోట 2,000. వాడికి క్షవరం కోడలే చేస్తుంది.

ధరలను బట్టి ప్రపంచ బ్యాంకు వారు వేసే లెక్క ఒకటుంది. అక్కడ డాలరుకు వచ్చేది ఇక్కడ ఇంచుమించు ఇరవై రూపాయలకే వస్తుందట. ఆ లెక్కన మావాడు ఇరవై నాలుగు లక్షల మనిషి. మంచి జీతమే, కాదనను. కాని ఇంటికి పంపిన డాలరే 82. అక్కడ ఖర్చయ్యే డాలరు ఇరవయ్యే. ఈ తేడా తెలిసినవాడికి అక్కడ చెయ్యి ఆడుతుందా?

ఒక రాత్రి మంచినీళ్ళకు లేస్తే, వంటింట్లో వాడు లవంగం నములుతూ నిలబడి ఉన్నాడు. పన్ను. బీమా పోను 1,800 డాలర్లవుతుందట. "జూలైలో వస్తున్నాంగా నాన్నా, మనూళ్ళో చేయించుకుంటాలే" అన్నాడు. వాడూ 82తోనే గుణించాడు. నేనడిగిన రెండో అయిదు లక్షల మాట మా ఇద్దరి మధ్యా రాలేదు. మర్నాడు మా ఆవిడతో చెబితే ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు.

నాలుగు నెలలు ఓర్చాడు. జూలైలో రాగానే ఇక్కడే రూట్ కెనాల్ చేయించాం. ఆరు వేలయింది, వద్దంటున్నా నేనే ఇచ్చాను. 14వ తేదీ మధ్యాహ్నం 2.35కు చంద్రయాన్-3 లేచినప్పుడు డాబా నిండా చుట్టాలు. మావాడు ఒక చేత్తో బుగ్గ పట్టుకుని, రెండో చేత్తో కొడుకును ఎత్తుకుని చూపిస్తున్నాడు.

పక్కింటావిడ పొగవంకే చూస్తూ, "మేడెప్పుడు లేపుతారన్నా?" అంది.

పిల్లర్ల మీద ఊచలు అలాగే ఉన్నాయి. వాటికి తాడు కట్టి మా ఆవిడ బట్టలారేస్తోంది.